‘దు’ చెరిపేసిన అమ్మాయి

కళ్ళజోళ్ళ దుకాణం నుంచి,
సోమవారం మధ్యాహ్నం

చిరంజీవి బావమరిదికి,

ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే నేనూ, దుకాణమూ. అమ్మాయి సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోను చేద్దామంటే అది పక్కనున్న చెప్పుల షాపులో ఉంది. నేను మాట్లాడినంతసేపూ ఆ షాపాయన చెప్పులు సర్దడం మానేసి నా నోటి వంకే చూస్తాడు. ఇంటి గుట్టు ఆయన చెవిన పడితే సాయంత్రానికల్లా బజారంతా తెలిసిపోతుంది.

మీ మేనకోడలు బడిలో హెడ్మిస్ట్రెస్ గారి బొమ్మ గీసింది. గీయడం తప్పు కాదు. నీళ్ళ ట్యాంకు మీద గీసింది. బొగ్గుతో గీసింది. మీసాలు పెట్టింది. నన్ను పిలిపించి, "చూడండి మీ అమ్మాయి ఘనకార్యం" అని ఆవిడే స్వయంగా చూపించారు. నేను కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాను. నిజం చెప్పాలంటే అది మేకలా ఉంది. కింద ఆవిడ పేరు రాయకుండా ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. మన పిల్ల రాసింది.

వారం రోజులు బడికి రావద్దన్నారు. ఇంటికొచ్చే దారిలో నేను ఒక్కటే మాట అన్నాను. "మీ అమ్మ ఇలాంటి పని ఒక్కనాడైనా చేసిందా?" అంతే. అప్పటినుంచి పిల్ల తీరే మారిపోయింది. రంగు పెన్సిళ్ళ డబ్బా పట్టుకెళ్ళి పక్కింటి పిల్లకి ఇచ్చేసింది. బడి మళ్ళీ మొదలైంది కానీ మనిషి మళ్ళీ మొదలవలేదు. ఏం చెప్పినా "సరే నాన్నా" అంటుంది. పదేళ్ళ పిల్ల పొద్దస్తమానం "సరే నాన్నా" అంటుంటే సంతోషించాలో భయపడాలో తెలియడం లేదు.

నువ్వొక సాయం చెయ్యాలి. మీ అక్క చిన్నప్పుడు బడిలో ఎంత బుద్ధిగా ఉండేదో, పెద్దలంటే ఎంత భయభక్తులతో మెలిగేదో పిల్లకి ఒక ఉత్తరం రాయి. మీ అక్క పోయేనాటికి దానికి మూడేళ్ళు కూడా నిండలేదు, ఏమీ గుర్తులేదు. నేను చెబుతూనే ఉంటాను, మీ అమ్మ గట్టిగా మాట్లాడేది కాదు, పెద్దల మాట జవదాటేది కాదు, అబద్ధం ఎరగదు అని. కానీ నాకు తెలిసింది పెళ్ళి తర్వాతి సంగతులే. చిన్నప్పటివి మేనమామ చెబితే బరువుంటుంది.

ఈసారైనా సెలవు పెట్టుకుని రా. ఏళ్ళ తరబడి రేపు, మాపు అంటున్నావు.

మీ బావ


లిఫ్టు గది, పన్నెండో అంతస్తు పైన,
గురువారం

బావా,

నీ ఉత్తరం లిఫ్టు పెట్టె నెత్తి మీద కూర్చుని చదివాను. ఎనిమిదో అంతస్తుకీ తొమ్మిదో అంతస్తుకీ మధ్య ఆగిపోతే పైకెక్కాను. కింద మా మేస్త్రి కరెంటు సంగతి తేల్చేదాకా చేసే పనేం లేక జేబులోంచి ఉత్తరం తీశాను. పెట్టె లోపల ఒక లావుపాటి లాయరుగారు ఇరుక్కుని ఉన్నారు. "మీ అమ్మ గట్టిగా మాట్లాడేది కాదు" అన్న చోటికి వచ్చేసరికి నాకు నవ్వు ఆగలేదు. "ఇక్కడ నా ప్రాణం పోతుంటే నీకు నవ్వులాటగా ఉందా?" అని లోపల్నుంచి ఒకటే కేకలు. కంప్లయింటు ఇస్తాడట. ఇచ్చుకోనీ.

బావా, నువ్వు పెళ్ళి చేసుకున్నది మా అక్కనేనా? మా అక్క గుసగుసలాడితే పక్క వీధిలో కుక్కలు లేచేవి. బడిలో బుద్ధిగా ఉండడమా? సరే, కాస్త ఓపిక పట్టి ఇది చదువు.

మా హెడ్మాస్టరుగారికి బోర్డుల పిచ్చి. బడి నిండా బోర్డులే. వరండాలో ‘పరుగెత్తరాదు’. తోటలో ‘పూలు కోయరాదు’. పెరటి గోడ మీద ‘గోడ ఎక్కరాదు’. లైబ్రరీలో ‘గట్టిగా మాట్లాడరాదు’. ఒకరోజు పొద్దున బడికి వెళ్ళేసరికి ప్రతి బోర్డులోనూ చివరి ‘దు’ మాయం. పరుగెత్తరా. పూలు కోయరా. గోడ ఎక్కరా. గట్టిగా మాట్లాడరా. ఎంత నున్నగా గీకేసిందంటే అక్కడ అక్షరం ఉండేదంటే ఎవరూ నమ్మరు.

ఇక చూడు నా సామిరంగా! మగపిల్లలంతా గోడ మీదే. డ్రిల్లు మాస్టారు "దిగండ్రా" అని అరుస్తుంటే "బోర్డు చూడండి సార్" అని వీళ్ళు. లైబ్రరీలో అయితే సంత.

హెడ్మాస్టరుగారు నేరుగా వచ్చి నా చెవి పట్టుకున్నారు. అప్పటికి బడిలో ఏం జరిగినా నా చెవే పట్టుకోవడం ఆయనకి అలవాటు. అక్క లేచి నిలబడింది. "వాడు కాదు సార్, నేను. వాడికి అంత శుభ్రంగా గీకడం రాదు" అంది. అబద్ధం ఎరగదు అన్నావు చూడు, నీ ఉత్తరం మొత్తంలో అదొక్కటే నిజం. అక్కడితో ఊరుకుందా? "అన్నిట్లోనూ ‘రా’ అనే వచ్చింది సార్, ఆడపిల్లలకి ‘వే’ అని రాద్దామంటే చోటు చాల్లేదు" అని సంజాయిషీ కూడా ఇచ్చింది.

శిక్ష ఏమిటంటే, చెరిపేసిన ‘దు’లన్నీ తిరిగి రాయడం. రంగూ కుంచే చేతికిచ్చారు. అక్క రాసింది. ఎంత ముద్దుగా రాసిందంటే, ఆ ‘దు’ల పక్కన మిగతా అక్షరాలన్నీ తిండి లేనివాటిలా కనిపించాయి. హెడ్మాస్టరుగారు రెండు రోజులు చూసి చూసి, ఇక తట్టుకోలేక, మొత్తం బోర్డులన్నీ కొత్తగా రాసిపెట్టమని ఆవిణ్ణే అడిగారు. అది చూసి బేకరీవాడు పిలిచాడు, వాణ్ణి చూసి దర్జీ పిలిచాడు. మీ ఊళ్ళో నిచ్చెనెక్కి దుకాణాలకి బోర్డులు రాసిన మా అక్క అలా తయారైంది. బుద్ధిగా కూర్చుని ఉంటే నీ దుకాణం దాకా వచ్చేదే కాదు.

ఇప్పుడు చెప్పు. మన పిల్లకి, అదే నా గుండుసూదికి, ఇది రాయనా? నువ్వు రాయమన్న ఆ బుద్ధిమంతురాలి గురించైతే నావల్ల కాదు. నాకు ఆవిడ పరిచయం లేదు.

సెలవు దొరకడం లేదు బావా. ఈ నగరంలో లిఫ్టులన్నీ నా మీద పగబట్టాయి.

నీ బావమరిది


కళ్ళజోళ్ళ దుకాణం,
మంగళవారం

బావమరిది గారికి,

మీ ఉత్తరం అందింది. పోయిన మనిషి గురించి అలా నవ్వులాటగా రాయడానికి మీకు మనసెలా ఒప్పిందో నాకు అర్థం కాలేదు.

పిల్లకి తల్లి లేదు. తల్లి గురించి నేను చెప్పే నాలుగు మాటలే ఉన్నాయి. ఆ నాలుగూ మంచి మాటలై ఉండాలని నా తాపత్రయం. మా ముందుగదిలో ఉన్న మా ఇద్దరి ఫోటో మీరూ చూశారు. అందులో ఆమె ఎంత శాంతంగా, ఎంత నిండుగా ఉంటుంది! రోజూ బడికి వెళ్ళేముందు పిల్ల దాని ముందు ఒక్క నిమిషం నిలబడి వెళుతుంది. ఆ ఫోటోలో ఉన్నావిడ బడి బోర్డులు గీకిపారేసిందని ఆ పిల్లకి చెప్పమంటారా? రేపు అది బడి పైకప్పు ఎక్కి కూర్చుని, ఇదంతా మా అమ్మ పోలిక అంటే నేనేం చెయ్యాలి?

మీకు పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. లిఫ్టు ఆగితే బాగుచేస్తారు, అది మళ్ళీ నడుస్తుంది. పిల్లల పెంపకం అలా కాదు.

దయచేసి అమ్మాయికి ఏమీ రాయకండి.

కళ్ళజోళ్ళ దుకాణదారు

తా.క. ఆ లాయరుగారు కంప్లయింటు ఇచ్చారా? ఉద్యోగానికి ఇబ్బందేం లేదు కదా?


లిఫ్టు గది,
ఆదివారం

బావా,

‘గారు’, ‘మీరు’, ‘దయచేసి’, మూడూ ఒకే ఉత్తరంలో! చదువుతుంటే నా మీద పోలీసు కేసేమైనా పెట్టావేమో అనిపించింది. ఆ తా.క. లేకపోతే నీకింక ఉత్తరమే రాసేవాణ్ణి కాదు. కంప్లయింటు ఇచ్చాడు. మా మేనేజరు చదివి, ఆయనా నవ్వాడు. ఉద్యోగం పదిలం.

పిల్లకి ఏమీ రాయనులే. నీ మాట తీసెయ్యను. కానీ నీకు రాయొద్దని నువ్వనలేదు.

ఆ ఫోటో సంగతి చెబుతా. మీకు పెళ్ళయిన కొత్తలో స్టూడియోకి వెళుతుంటే నేనూ వెంట పడ్డాను, గుర్తుందా? ఫోటోగ్రాఫరు నిన్ను కళ్ళజోడు తీసెయ్యమన్నాడు, అద్దాలు మెరుస్తున్నాయని. తీసేస్తే నీకు నీ చెయ్యే కనపడదు. కాబట్టి ఆ తర్వాత జరిగింది నీకు తెలిసే అవకాశమే లేదు. ఆయన కెమెరా వెనక నల్లగుడ్డలోకి తల దూర్చాడు. బయటికి తీసేసరికి తలుంది, జుట్టు లేదు. విగ్గు గుడ్డకి అంటుకుపోయింది. పాపం ఆయనకి తెలియదు. గుమ్మడికాయలా మెరిసిపోతూ, "కొంచెం నవ్వండమ్మా, కొంచెం నవ్వండి" అని బతిమాలుతున్నాడు. అక్క రెండు బుగ్గలూ లోపల్నుంచి కొరికిపట్టుకుంది. ఇప్పుడు నవ్విందంటే ఇక ఈ జన్మకి ఆగదని దానికి తెలుసు. నేను తెర వెనక నేల మీద పడి ఉన్నాను.

నువ్వు శాంతం అనుకుంటున్నది అదీ. దగ్గరికెళ్ళి చూడు, ముక్కుపుటాలు ఉబ్బి ఉంటాయి.

ఇక అసలు మాట. కోపం తెచ్చుకోకు. అక్క పోయిన కొత్తల్లో నాకు కళ్ళు మూసినా తెరిచినా ఆసుపత్రి మంచం మీదున్న అక్కే కనిపించేది. అంతకుముందున్న అక్క ఎంత పిలిచినా పలికేది కాదు. కొన్నాళ్ళకి, ఒక్కొక్కటిగా, గోల చేసుకుంటూ వచ్చింది. నీకు ఇంకా రాలేదేమో బావా. అందుకే ఆ ఖాళీలో ఎవరో బుద్ధిమంతురాల్ని తెచ్చి కూర్చోబెట్టావేమో.

నేనూ ఏమంత గొప్పవాణ్ణి కాదు. సెలవు దొరక్క కాదు నేను రానిది. మీ ఊళ్ళో బస్సు దిగగానే ఎదురుగా బేకరీ బోర్డు. మలుపు తిరిగితే దర్జీ బోర్డు. ఆ పక్కన సైకిలు షాపు. అన్నీ అక్క చేతిరాతే. కిందటిసారి వచ్చినప్పుడు బేకరీ దాకా నడిచి, అక్కణ్ణుంచే తిరుగు బస్సెక్కేశాను. నీకు చెప్పలేదు.

నీ బావమరిది


కళ్ళజోళ్ళ దుకాణం,
శుక్రవారం, వాన పడుతోంది

బావమరిదికి,

జవాబు ఆలస్యమైంది. నీ మీద కోపంతో కాదు.

నీ ఉత్తరం వచ్చిన రోజే ఫోటో దించి, అద్దాల్లో గీతలు చూసే భూతద్దం పెట్టి చూశాను. ముక్కుపుటాలు ఉబ్బే ఉన్నాయి. ఇన్నేళ్ళూ రోజూ చూశాను, కనపడలేదు. నేను అమ్మేది కళ్ళజోళ్ళు!

అలా చూస్తుండగా అమ్మాయి వచ్చింది.

"ఏం చూస్తున్నావు నాన్నా?"

"ఏం లేదమ్మా."

పక్కకొచ్చి ఫోటోలోకి తొంగిచూసింది. తర్వాత, హోంవర్కులో సందేహం అడిగినంత మామూలుగా అడిగింది.

"అమ్మ ఉండుంటే నేనంటే ఇష్టపడేది కాదు కదా?"

భూతద్దం బల్ల మీద పెట్టేశాను. ఎందుకలా అనుకుంటున్నావు అని అడిగాను.

"అమ్మ అన్నీ బాగా చేసేది కదా. నాకేమో ఏదీ బాగా రాదు. నన్ను చూస్తే అమ్మకి సిగ్గేసేది."

ఆ మాటలో ఏడుపు లేదురా. ఏడ్చినా బాగుండేది. ఎప్పుడో ఆలోచించి, తేల్చుకుని, ఒప్పేసుకున్న మనిషిలా చెప్పింది. పిల్లకి తోడుంటుందని నేను నిలబెట్టిన మనిషి, దాన్ని ఓ మూలకి తోసేసి తలుపేసింది.

చెయ్యి పట్టుకుని దుకాణం వెనక గదిలోకి తీసుకెళ్ళాను. అక్కడ అట్టపెట్టెల వెనక మా పాత బోర్డు గోడకి ఆనించి ఉంది. మీ అక్క పోయాక దాన్ని నేనే దించేసి, ప్రెస్సులో అచ్చేసిన బోర్డొకటి తగిలించాను. జనం ఆ పాత బోర్డు ముందు ఆగి, కళ్ళు చికిలించి, చదవలేక నవ్వుకుంటుంటే లోపల కూర్చోలేకపోయేవాణ్ణి. దాన్ని చూస్తే ఎందుకు నవ్వొస్తుందో నీకూ సరిగ్గా తెలియదు. మేమిద్దరం ఎవరికీ చెప్పలేదు.

దుకాణం కొత్తగా తెరిచినప్పుడు మీ అక్క నిచ్చెన భుజాన వేసుకుని వచ్చి, బోర్డు రాయాలా అని అడిగింది. "రాయండి, కానీ మర్యాదగా, గంభీరంగా ఉండాలి" అన్నాను. "మీలాగా?" అంది. "అవును" అన్నాను. కంటి పరీక్షకి గోడ మీద వేలాడదీసే అట్ట ఉంటుంది చూడు, పైన పెద్ద అక్షరాలు, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి, అలా రాసింది. పైన ‘కళ్ళజోళ్ళు’ అని ఇంత. దాని కింద ‘దూరపు చూపు’, ఇంకొంచెం చిన్నగా ‘దగ్గర చూపు’, ఇంకా చిన్నగా ‘అన్ని రకాల ఫ్రేములు’. అట్టడుగున చీమలబారు లాంటి గీత. అదేమిటని అడిగితే "డిజైను" అంది.

బోర్డు బ్రహ్మాండంగా పనిచేసింది. దారినపోయేవాళ్ళంతా ఆగి, తల వంచి, కళ్ళు చికిలించి, ఆఖరి గీత చదవబోయి, చదవలేక, అనుమానం వచ్చి లోపలికొచ్చేవాళ్ళు. నెలలు గడిచాయి. ఒకరోజు ఒక ముసలాయన వచ్చాడు. సముద్రం మీద ఓడ నడిపిన మనిషట, డేగకళ్ళు. "ఏమయ్యా, కళ్ళజోడు అక్కర్లేదని నువ్వే రాసి, మళ్ళీ కళ్ళజోళ్ళు అమ్ముతావేం?" అన్నాడు. నేను కుర్చీ వేసుకుని ఎక్కి, భూతద్దం పెట్టి చదివాను.

"ఇది చదవగలిగితే మీకు జోడు అక్కర్లేదు. అయినా లోపలికి రండి. కుర్రాడు మంచివాడు, పలకరించేవాళ్ళు లేరు."

ఒళ్ళు మండిపోయింది. వెంటనే దుకాణం కట్టేసి మీ అక్కతో పోట్లాడ్డానికి వెళ్ళాను. నిచ్చెన మీదుంది. "అది చదవడానికి మీకు ఇన్నాళ్ళు పట్టిందా?" అని పైనుంచే అడిగింది. పోట్లాడదామని వెళ్ళిన మనిషిని పెళ్ళి కుదుర్చుకుని తిరిగొచ్చాను.

ఇదంతా పిల్లకి చెప్పాను. ముక్కు బోర్డుకి ఆనించి ఆఖరి గీత కూడబలుక్కుని చదివింది. "అమ్మ రాసిందా? నీ షాపు మీద? నిన్ను అడక్కుండా?" అంటూ నా మొహం చూసింది. నిన్నటిదాకా తెలియని చుట్టాలెవరో ఇంటికొచ్చినట్టు మొహం వెలిగిపోయింది. నేను ఇక ఆగలేదు. నీ అనుమతి లేకుండానే ‘దు’ సంగతి కూడా చెప్పేశాను. ‘వే’ దగ్గరికి వచ్చేసరికి అట్టపెట్టెల మీద దొర్లింది.

వెంటనే పక్కింటికెళ్ళి రంగు పెన్సిళ్ళు వెనక్కి అడిగింది. వాళ్ళు సగమే ఇచ్చారు.

ఇప్పుడు ఇంకా, ఇంకా అంటోంది. నా దగ్గరున్నవి కాసిని, అవీ ఇప్పుడిప్పుడే తిరిగొస్తున్నాయి. నీ దగ్గరున్నవన్నీ రాయి. దీంతోపాటు తనూ ఒక ఉత్తరం పెడుతోంది. నన్ను చదవొద్దంది. చదవలేదు.

మీ బావ


నాన్న దుకాణం, వెనక గది

మామయ్యకి,

కవరులో ఇంకా చోటుందని నాన్న అన్నాడు, అందుకని రాస్తున్నా. నువ్వు నాకు పెద్ద పెద్ద అక్షరాలతో రాయక్కర్లేదు, నాకు మామూలువి చదవడం వచ్చు.

నువ్వు నన్ను గుండుసూది అంటావట కదా. నాన్న పాప అంటాడు. గుండుసూదే బాగుంది. ఎవరు పెట్టారు?

నేను హెడ్మిస్ట్రెస్ బొమ్మ కోపంతో గీయలేదు. అమ్మకి కుంచె పట్టుకుంటే అన్నీ వచ్చేవి కదా, నాకూ వస్తుందేమో చూద్దామని గీశా. రాలేదు. మీసాలు కూడా మీసాలు కాదు, ముక్కు తప్పుగా వస్తే దిద్దాను. ఎవరికీ చెప్పకు. మీసాలనుకుంటేనే బాగుంది.

అమ్మ గోడ ఎక్కిందా ఎప్పుడైనా? ఈల వేసేదా? పెద్ద ఈలా, చిన్న ఈలా? నిచ్చెన మీంచి ఎప్పుడైనా పడిందా?

ఇంకొకటి. నాన్నని అడిగితే కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. ఎప్పుడూ అంతే. అందుకని నిన్ను అడుగుతున్నా. ఆసుపత్రిలో అమ్మకి భయం వేసిందా? నిజం చెప్పు. నాకు పదేళ్ళు.

గుండుసూది


లిఫ్టు గది,
బుధవారం

గుండుసూదీ,

ఆ పేరు మీ అమ్మే పెట్టింది. పుట్టినప్పుడు నువ్వు ఇంతే ఉన్నావు. చేతిలోకి తీసుకోగానే కెవ్వున అరిచావు. "చూడ్డానికి ఇంతే, గుచ్చిందంటే ఊరంతా లేస్తుంది" అని మురిసిపోయింది. తనకంటే గట్టిగా అరిచే మనిషి ఇంట్లో ఇంకొకరు దొరికారని సంతోషం.

గోడ ఎక్కేది. దిగడం మాత్రం వచ్చేది కాదు, ప్రతిసారీ నేను కింద వంగి నిలబడాలి. ఈల పెద్దదే, రెండు వేళ్ళు పెట్టి. నిచ్చెన మీంచి ఒకసారి పడింది, చేపల బండిలో. దెబ్బ తగల్లేదు కానీ వాసన వారం పోలేదు.

ఇక నువ్వడిగిన ఆఖరిది.

భయం వేసింది. మామూలు జ్వరమే అనుకుని వెళ్ళింది. అది తగ్గే జ్వరం కాదని తర్వాత తెలిసింది. ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని "భయంగా ఉందిరా" అంది. నాకూ భయంగానే ఉందక్కా అన్నాను. "అయితే పర్లేదు, ఇద్దరం ఉన్నాం" అంది. తర్వాత ఎదురు గోడ మీద ‘నిశ్శబ్దం’ అని ఉన్న బోర్డుని చూపించి, "ఆ శకారం చూడు, కాలు విరిగినట్టు ఎలా వంగిపోయిందో, దాన్ని చూస్తూ జబ్బెలా తగ్గుతుంది?" అంది. నర్సమ్మని పిలిచి సిరా అడిగింది. లేచే ఓపిక లేదు కాబట్టి నన్ను స్టూలెక్కించి, పడుకునే "పైకి, ఇంకొంచెం, చాలు, ఛీ, పాడు చేశావు" అంటూ దిద్దించింది. వార్డంతా నవ్వారు. అక్కడ నిశ్శబ్దం లేకుండా చేసింది నిశ్శబ్దం బోర్డే.

భయమూ ఉంది, నవ్వూ ఉంది. రెండూ ఒకే మధ్యాహ్నం. నీకు పదేళ్ళు కాబట్టి అర్థమవుతుంది. నాకు ముప్పై దాటాక అర్థమైంది.

ఇంకో సంగతి. అక్కడికొచ్చిన ప్రతి నర్సుకీ, ప్రతి డాక్టరుకీ, పక్క మంచం ముసలావిడకీ నీ గురించే చెప్పేది. నువ్వు పసుపు రంగు డబ్బాలో కాళ్ళు పెట్టి ఇల్లంతా నడిచావని. నెమ్మదిగా ఉండమంటే మరింత గట్టిగా పాడావని. చెప్పిందే చెబుతుంటే ముసలావిడ "ఈ కథ అయిపోయిందమ్మా, ఇంకోటి చెప్పు" అనేది. నిన్ను చూసి సిగ్గుపడే మనిషి అలా ఊరందరికీ చాటుకోదు. ఈ మాట మాత్రం బాగా గుర్తుపెట్టుకో.

నీకు బొమ్మలు రాకపోతే పోనీ. అమ్మ చెయ్యి అమ్మది. నీ చెయ్యి ఏం చేస్తుందో ఇంకా ఎవరికీ తెలియదు, నీకూ తెలియదు. చూద్దాం.

శనివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. నువ్వు బస్టాండుకి రావాలి. బేకరీ దాటేదాకా నా చెయ్యి పట్టుకోవాలి. నేను పెద్దవాణ్ణే, అయినా పట్టుకోవాలి.

నీ మామయ్య


కళ్ళజోళ్ళ దుకాణం,
సోమవారం

ఒరేయ్ బావమరిదీ,

శనివారం రాత్రి బస్సుకే వెళ్ళిపోయావు, క్షేమంగా చేరావా? చేరే ఉంటావు. లిఫ్టుల్లో జనం నీకోసం అరుస్తూ ఉంటారు.

నువ్వు బేకరీ ముందు ఆగిపోయినప్పుడు నేను అవతలి పేవ్‌మెంటు మీదే ఉన్నాను, ఇద్దరికీ కనపడకుండా. పిల్ల నీ చెయ్యి లాగుతూ "ఏడుస్తావా, బన్ను తింటావా, ఏదో ఒకటి తొందరగా చెప్పు మామయ్యా, బన్నులు అయిపోతాయి" అనడం వినపడింది. నువ్వు రెండూ చేశావు. అది చూసి నేనూ వచ్చి ఒక బన్ను తిన్నాను. దర్జీ, సైకిలు షాపు, పాలడిపో, మనం అలా బోర్డులు చదువుకుంటూ బజారంతా తిరుగుతుంటే చెప్పుల షాపాయన నిన్ను మునిసిపాలిటీ మనిషనుకున్నాడట.

నువ్వు వెళ్ళాక ఒకటి కనిపెట్టాను. ఫ్రేములకి వేసే మరలుంటాయి చూడు, నువ్వుగింజంతవి, నా వేళ్ళ మధ్య నిలవవు. పిల్ల ఊరికే కూర్చుని వాటిని బిగించేసింది. వరసగా నాలుగు జోళ్ళు. నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి. అది మీ వైపు పోలిక కాదు. నాది. దానికి ఆ మాట చెబితే, "అయితే ఇది నాకు బాగా వచ్చినట్టేనా?" అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అవునన్నాను.

నిన్న ఆదివారం. దుకాణం సగం తలుపు వేసి, ఇద్దరం మరలు బిగిస్తూ కూర్చున్నాం. ఉన్నట్టుండి అడిగింది.

"నాన్నా, అమ్మ ఎలా నవ్వేది?"

"బాగా నవ్వేది."

"బాగా అంటే ఎలా? చేసి చూపించు."

నన్ను! నేను చుట్టూ చూసి, గొంతు సవరించుకున్నాను. మీ అక్క నవ్వు నీకు తెలుసు. ముందు చప్పుడే ఉండదు, భుజాలు మాత్రం ఊగుతాయి. తర్వాత ఎక్కడో చేతిపంపు కొడుతున్నట్టు ఊపిరి లోపలికి లాగుతుంది. ఆ తర్వాత బద్దలవుతుంది. నేను భుజాలు ఊపాను. ఊపిరి లాగాను. బయటికొచ్చింది మాత్రం దగ్గు.

"ఇలాగా?" అంది పిల్ల, కాస్త భయంగా.

"కాదు, ఆగు." మళ్ళీ చేశాను. ఈసారి ప్రాణం పెట్టి చేశాను. మేడ మీద అద్దెకున్న పళ్ళ డాక్టరు దబదబా మెట్లు దిగి, నీళ్ళ గ్లాసుతో లోపలికి దూసుకొచ్చాడు. "ఏమైందండీ, ఊపిరాడట్లేదా? తల కిందికి వంచండి!" అంటూ నా వీపు మీద చరిచాడు.

పిల్ల ఆయన మొహం చూసింది. నా మొహం చూసింది. చప్పుడు లేదు. దాని భుజాలు ఊగడం మొదలుపెట్టాయి. ఊపిరి లోపలికి లాగింది, చేతిపంపులాగే. తర్వాత బద్దలైంది.

అది నేను నేర్పింది కాదురా. నాకు చేతకాదని ఇప్పుడే రెండుసార్లు రుజువైంది. మూడేళ్ళు నిండని పిల్ల గుర్తుపెట్టుకున్నదీ అయ్యుండదు. ఇన్నాళ్ళూ దాని లోపలే ఉంది. ఈ ఇంట్లో అంత గట్టిగా నవ్వాల్సిన పని దానికి ఎప్పుడూ పడలేదు, అంతే.

డాక్టరుగారు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఆ నీళ్ళు చివరికి నేనే తాగాను. అప్పటికి నిజంగానే నాకు ఊపిరాడట్లేదు.

మీ బావ